లాగొద్దు... దాచొద్దు!

మగపిల్లాడి ఒంట్లో ఓ చిన్న భాగం. బిడ్డ పుట్టిన కొత్తలో దాని గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. పదేళ్లు దాటాక ఇంట్లో ఒక్కరూ ఆ ఊసెత్తరు. రెండూ చిక్కే! పసితనంలో అక్కర్లేని చెయ్యి పడుతుంది. పెద్దయ్యాక కావాల్సిన మాట దొరకదు. అంగం ముందరి చర్మం బిగుతుగా ఉండి వెనక్కి రాకపోవడాన్ని వైద్యులు 'ఫైమోసిస్‌' అంటారు. దీంతో వచ్చే కష్టాల్లో చాలావాటికి మూలం ఈ రెండు పొరపాట్లే. అందుకే పిల్లల తల్లిదండ్రులూ, పెళ్లీడు కుర్రాళ్లూ, షుగరున్న పెద్దలూ... అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

నీళ్లు పోసే వేళ...

కోనసీమ ఇళ్లల్లో పసిబిడ్డకు నీళ్లు పోయడమంటే చిన్న తతంగమే. అమ్మమ్మో నాయనమ్మో పీటమీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టుకుని నూనె రాస్తుంది. నలుగు పెడుతుంది. ముక్కు నిక్కుతుందని నొక్కుతుంది. తల గుండ్రంగా రావాలని సవరిస్తుంది. మగపిల్లాడైతే ఆ వరసలోనే అంగం మీది చర్మాన్ని కూడా కాస్త వెనక్కి లాగుతుంది. "ఇప్పట్నుంచీ వదులు చెయ్యకపోతే రేపు పెద్దయ్యాక ఇబ్బంది పడతాడే అమ్మాయ్‌" అని కూతురికీ కోడలికీ చెబుతుంది. ఆమె ప్రేమలో లోపం లేదు. కానీ ఆ పని మాత్రం బిడ్డకు మేలు చేయదు.

ఎందుకంటే పుట్టినప్పుడు ఆ చర్మం లోపలి పొర అంగం కొసకు అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు, ప్రకృతి చేసిన ఏర్పాటు. మూత్రంతో, మలంతో తడిసే గుడ్డల మధ్య ఉండే పసివాడి అంగం కొసకు అదే రక్షణ. వయసు పెరిగేకొద్దీ ఆ రెండు పొరలూ వాటంతటవే విడిపోతాయి.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌ తెలిసిన వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పచ్చికాయలో కొబ్బరి చిప్పను పట్టుకునే ఉంటుంది. అదే కాయను నెలల తరబడి కదపకుండా ఉంచితే లోపలి కొబ్బరి తనంతట తానే చిప్పను వదిలి, ఊపితే గడగడలాడే కురిడీ అవుతుంది. కురిడీ కావాలని పచ్చికాయను ఎవరూ బాదరు కదా! ఇక్కడా అంతే. కావాల్సింది బలం కాదు, కాలం.

ఎంతకాలం ఆగాలి?

ఈ ప్రశ్నకు వైద్యులు లెక్కలు కట్టి మరీ జవాబు చెప్పారు. 1949లో బ్రిటన్‌కు చెందిన పిల్లల వైద్యుడు డగ్లస్‌ గైర్డ్‌నర్‌ అప్పుడే పుట్టిన శిశువులను పరీక్షిస్తే ఈ చర్మం పూర్తిగా వెనక్కి వచ్చేది నూటికి నలుగురిలోనే. అంటే మిగతా 96 మందికీ పుట్టుకతో 'బిగుతే'. 1968లో డెన్మార్క్‌ వైద్యుడు జాకబ్‌ ఆస్టర్‌ బడి పిల్లలను ఏళ్లతరబడి గమనించి ప్రచురించిన వివరాలు ఇంకా ఊరటనిస్తాయి. ఆరేడేళ్ల పిల్లల్లో నూటికి ఎనిమిది మందికి చర్మం బిగుతుగా ఉంటే, 16-17 ఏళ్లు వచ్చేసరికి అది నూటికి ఒక్కరికి తగ్గింది. ఆపరేషన్‌తో కాదు, వయసుతోనే!

కాబట్టి మూడేళ్లకో, అయిదేళ్లకో, ఏడేళ్లకో చర్మం వెనక్కి రాలేదని కంగారు పడనక్కర్లేదు. పక్కింటి పిల్లాడితో పోల్చుకోనూ అక్కర్లేదు. కొందరిలో ఈడొచ్చేదాకా సమయం పడుతుంది. పిల్లాడికి నొప్పి, మంట, మూత్రం పోయడానికి ఇబ్బంది లేకపోతే ఆగడమే వైద్యం.

బలవంతంగా లాగితే ఏమవుతుంది? అతుక్కుని ఉన్న పొరలు చిరుగుతాయి. సన్నటి పగుళ్లు వస్తాయి, రక్తం వస్తుంది. పిల్లాడు ఒంటేలుకు వెళ్లాలంటేనే భయపడి ఏడుస్తాడు. ఆ పగుళ్లు మానేటప్పుడు మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చర్మం సాగదు. అలా పదే పదే జరిగితే, లేని బిగుతును చేజేతులా తెచ్చిపెట్టినట్లే. ఏది రాకూడదని లాగారో అదే వస్తుందన్నమాట.

ఇది మన పెద్దలకు తెలియని సంగతేమీ కాదు. శస్త్రచికిత్సకు ఆదిగ్రంథంగా చెప్పుకొనే సుశ్రుత సంహితలో ఈ చర్మానికి వచ్చే మూడు బాధలకు మూడు పేర్లున్నాయి. బిగుసుకుపోయి వెనక్కి రాకపోతే 'నిరుద్ధప్రకశం'. వెనక్కి వెళ్లి ముందుకు రాకపోతే 'పరివర్తిక'. బలప్రయోగం వల్ల చిరిగితే 'అవపాటిక'. బలం ఉపయోగిస్తే చిరుగుతుందని ఆనాడే గుర్తించి, దాన్ని ఓ రోగంగా లెక్కకట్టారు.

ఇవి చూసి బెదరొద్దు

అమ్మలను తరచుగా భయపెట్టేవి రెండున్నాయి. ఒకటి, చర్మం కింద తెల్లగా, సగ్గుబియ్యం గింజల్లా కనిపించే గడ్డలు. చీమేమోనని చిదమబోతారు. అది చీము కాదు. రెండు పొరలూ విడిపోయే క్రమంలో రాలిన మృతకణాల ముద్ద. ఎరుపు, వాపు, నొప్పి లేకపోతే ముట్టుకోనక్కర్లేదు, దానంతటదే బయటికి వచ్చేస్తుంది.

రెండోది, మూత్రం పోసేటప్పుడు ముందరి చర్మం చిన్న బుడగలా ఉబ్బడం. ధార బాగా వస్తూ, పిల్లాడు ముక్కకుండా, ఏడవకుండా పోస్తుంటే ఇదీ ప్రమాదం కాదు. పొరలు విడిపోతున్నాయనడానికి అది ఓ గుర్తు.

ఎప్పుడు చూపించాలి?

అలాగని అన్నిటికీ 'అదే తగ్గుతుందిలే' అని కూర్చోకూడదు. ధార దారంలా సన్నగా వస్తున్నా, చుక్కలు చుక్కలుగా పడుతున్నా, పిల్లాడు ముక్కి ముక్కి పోస్తున్నా వైద్యుడికి చూపించాలి. కొస ఎర్రగా వాచి, చీము కారడం మళ్లీ మళ్లీ వస్తున్నా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో జ్వరాలు వస్తున్నా ఆలస్యం చేయొద్దు. ముఖ్యంగా చర్మం అంచు తెల్లగా పాలిపోయి, గట్టి ఉంగరంలా మారితే అది వయసుతో పోయే బిగుతు కాదు. 'లైకెన్‌ స్క్లీరోసస్‌' అనే చర్మవ్యాధి అయ్యుండొచ్చు. ఒకప్పుడు బాగానే వెనక్కి వచ్చిన చర్మం ఇప్పుడు రాకపోయినా, ఏ వయసులోనైనా సరే, పరీక్ష తప్పనిసరి.

అందుకు దూరం వెళ్లక్కర్లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లోని ప్రభుత్వాసుపత్రుల్లో మొదట చూపించుకోవచ్చు. అమలాపురంలో కిమ్స్‌ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అవసరమైతే కాకినాడ పెద్దాసుపత్రికి పంపిస్తారు. పిల్లలకైతే పిల్లల సర్జన్‌, పెద్దలకైతే యూరాలజిస్ట్‌ లేదా జనరల్‌ సర్జన్‌ దీనికి సరైన వైద్యులు. స్కానింగులూ పెద్ద పెద్ద పరీక్షలూ చాలాసార్లు అవసరం ఉండవు. రెండు నిమిషాలు కంటితో చూస్తే వైద్యుడికి విషయం తెలిసిపోతుంది.

కత్తి కంటే ముందు పూత

'చూపిస్తే ఆపరేషన్‌ అంటారేమో' అన్న భయంతోనే చాలామంది వెనకాడతారు. నిజానికి ఇప్పుడు మొదటి మెట్టు పూత మందు. బీటామెథసోన్‌ లాంటి స్టెరాయిడ్‌ ఆయింట్‌మెంట్‌ను వైద్యుడు చెప్పిన మోతాదులో, బిగుతుగా ఉన్న అంచు మీద మాత్రమే, సాధారణంగా రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు పలచగా రాయాలి. కొన్ని రోజులయ్యాక నొప్పి తెలియనంత మెల్లగా చర్మాన్ని కదపమంటారు. 2014లో కొక్రేన్‌ నిపుణులు 12 అధ్యయనాల్లోని 1395 మంది పిల్లల వివరాలను కలిపి చూసి, ఈ పూతతో బిగుతు తగ్గే అవకాశం బాగా పెరుగుతుందని తేల్చారు.

అయితే ఇక్కడో జాగ్రత్త. మందుల షాపుకెళ్లి గొంతు తగ్గించి, "ఏదైనా ట్యూబు ఇవ్వండి, ఆయ్‌" అని అడిగి తెచ్చుకునే మందు ఇది కాదు. దురదకూ, మంటకూ, తామరకూ కలిపి అమ్మే ట్యూబుల్లో స్టెరాయిడ్‌తో పాటు మరో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఇష్టమొచ్చినట్లు రాస్తే చర్మం పలచబడుతుంది, ఫంగస్‌ మొండికేస్తుంది. స్టెరాయిడ్‌ క్రీములను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన తెచ్చింది. కొబ్బరినూనె, పసుపు, వేపాకు ముద్ద లాంటివి బిగుతును తగ్గించవు. పుండు మీద పడితే మంటను పెంచే ప్రమాదమూ ఉంది.

పూతతో తగ్గకపోయినా, మచ్చ కట్టి గట్టిపడినా అప్పుడు ఆపరేషన్‌. బిగుతుగా ఉన్న చర్మాన్ని తొలగించడమే సున్తీ. చర్మాన్ని ఉంచుతూనే బిగుతును వదులు చేసే చిన్న ఆపరేషన్‌ కూడా కొందరికి సరిపోతుంది. పిల్లలకు మత్తిచ్చి చేస్తారు. పెద్దలకు చాలావరకు ఆ భాగం వరకే మొద్దుబారేలా ఇంజెక్షన్‌ ఇస్తారు. మామూలుగా అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు. పుండు మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పెళ్లయినవారు నాలుగు నుంచి ఆరు వారాలు దూరంగా ఉండాలి. ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బుంటే ముందే చెప్పాలి. మూత్రరంధ్రం కొసన కాకుండా కింది వైపున్న పిల్లలకు మాత్రం వైద్యుడిని అడగకుండా సున్తీ చేయించకూడదు. ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాలి.

అమెరికాలో అడిగితే...

ఈ ప్రాంతంలో కొడుకో కూతురో అమెరికాలో లేని వీధి అరుదు. పురుడు పోయడానికి విమానమెక్కి వెళ్లే అమ్మమ్మలకు అక్కడ ఓ వింత ప్రశ్న ఎదురవుతుంది. మగపిల్లాడు పుట్టగానే 'సున్తీ చేయమంటారా?' అని ఆసుపత్రిలో అడుగుతారు. ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. చేయించాలేమో, లేకపోతే జబ్బులొస్తాయేమో అని తర్జనభర్జన పడతారు.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో చెప్పింది ఇదీ... సున్తీ వల్ల నష్టాల కంటే లాభాలే ఎక్కువ, కానీ పిల్లలందరికీ చేసి తీరాలని చెప్పేటంత కాదు, తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేయాలి. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆఫ్రికా దేశాల్లో మూడు పెద్ద పరిశోధనలు జరిగాక, అలాంటి చోట్ల మగవారికి సున్తీ ఉపయోగపడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆ రక్షణ కూడా పూర్తి రక్షణ కాదు, కండోమ్‌ అవసరం పోదు. మతాచారంగా చేయించుకునేవారి సంగతి వేరు. మిగతావారు ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డకు 'వద్దు' అని చెబితే తప్పు చేసినట్లు కాదు.

నాన్నా, ఇది మీ వంతు!

పిల్లాడు పదకొండు, పన్నెండేళ్లకు వచ్చేసరికి అమ్మ దగ్గర స్నానం మానేస్తాడు. అమ్మ అడగలేదు, వాడు చెప్పలేడు. ఇక్కడ నాన్న ముందుకు రావాలి. పళ్లు తోముకోవడం నేర్పినట్లే ఇదీ నేర్పాలి. స్నానం చేసేటప్పుడు చర్మాన్ని సులువుగా వచ్చినంత వరకే వెనక్కి తియ్యి, మామూలు నీళ్లతో కడుగు, తుడుచుకో, మళ్లీ ముందుకు తెచ్చెయ్యి... ఇంతే పాఠం. నొప్పి పుడితే అక్కడితో ఆపాలి. చివరి మాట మరీ ముఖ్యం, ముందుకు తేవడం మరవకూడదు.

లోపలి చర్మం మీద సబ్బులు, డెట్టాలు, పౌడర్లు వాడొద్దు. అక్కడి చర్మం పెదవి లోపలి చర్మమంత సున్నితం. శుభ్రం చేద్దామని రుద్దిన సబ్బే చాలామందికి మంట తెస్తుంది. సెలవుల్లో కాలువల్లో గంటల తరబడి ఈదే పిల్లలైనా, రోజంతా చేపల చెరువుల్లో, వరి చేలల్లో తడిసే పెద్దలైనా ఇంటికి రాగానే మంచినీళ్లతో కడుక్కుని, తడిబట్టలు మార్చి, పొడి నూలు బట్టలు వేసుకోవాలి. చెమ్మ నిలిస్తే ఫంగస్‌కు పండగే.

పెళ్లీడు కుర్రాళ్లకూ ఓ మాట. బిగుతుందని తెలిసీ సిగ్గుతో నెట్టుకొచ్చి, ముహూర్తం పెట్టుకున్నాక నెట్‌లో వెతకడం మొదలుపెడతారు. పూత మందుకు రెండు నెలలు కావాలి. ఆపరేషనైతే మానడానికి నెలన్నర. శుభలేఖలు అచ్చయ్యాక కాదు, సంబంధాలు చూస్తున్నప్పుడే చూపించుకుంటే ఏ కంగారూ ఉండదు. దీనివల్ల మగతనానికి లోటు ఉండదు, పిల్లలు పుట్టరన్న భయమూ అక్కర్లేదు.

నలభై దాటాక బిగిస్తే... షుగర్‌ చూడండి

పెద్దవారిలో కథ వేరు. జీవితమంతా ఇబ్బంది లేని వ్యక్తికి నలభైలోనో యాభైలోనో చర్మం అంచు పగలడం, దురద, తెల్లటి పూత, క్రమంగా బిగుసుకుపోవడం మొదలైతే ముందు అనుమానించాల్సింది మధుమేహాన్ని. మూత్రంలో చక్కెర పోతుంటే ఆ భాగంలో ఫంగస్‌ పెరుగుతుంది. పగుళ్లు, మానడం, మళ్లీ పగుళ్లు... ఆ మచ్చలతోనే బిగుతు. కొందరికి తమకు షుగరుందన్న సంగతి బయటపడేదే ఇలా. 2023లో వెలువడిన ఐసీఎంఆర్‌ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మూడు పూటలా అన్నం తినే మన డెల్టాలో ఈ మాట మరింత జాగ్రత్తగా వినాలి. షుగర్‌ అదుపులోకి రాకుండా ఎన్ని ట్యూబులు రాసినా అది మళ్లీ వస్తుంది.

షుగర్‌ మందుల్లోనూ ఓ రకం ఉంది. డపాగ్లిఫ్లోజిన్‌, ఎంపాగ్లిఫ్లోజిన్‌ లాంటివి ఒంట్లోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. గుండెకూ కిడ్నీలకూ మేలు చేసే మంచి మందులవి. 2020లో ఒకదానికి, 2025లో రెండోదానికి పేటెంట్‌ గడువు తీరడంతో ధరలు తగ్గి, వాడేవారు పెరిగారు. అయితే ఇవి వాడేవారిలో ఆ భాగంలో ఫంగస్‌ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. ఒంటేలుకు వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని పొడిగా తుడుచుకుంటే చాలావరకు రాకుండా చూసుకోవచ్చు. దురద వస్తే వైద్యుడికి చెప్పాలి గానీ సొంతంగా మందు ఆపేయకూడదు.

గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఒంటరిగా గదిలో ఉండి పనిచేసే మగవాళ్లు 'ఊరెళ్లాక చూసుకుందాంలే' అని నెలలు గడిపేస్తుంటారు. బిగుసుకున్న చర్మం కింద మానని పుండు, గడ్డ, దుర్వాసన, రక్తం... వీటిలో ఏది కనిపించినా వాయిదా వేయడానికి వీల్లేదు. అంగం క్యాన్సర్‌ అరుదే అయినా, దీర్ఘకాలం బిగుతు ఉన్నవారిలో, పొగ తాగేవారిలో దాని ముప్పు ఎక్కువ. తొలి దశలో చూపిస్తే చిన్న ఆపరేషన్‌తో పోయేది, సిగ్గుపడి దాస్తే అంగాన్నే తీసేయాల్సిన స్థితికి తెస్తుంది.

గంటల్లో చేరాల్సిన అత్యవసరం

వెనక్కి లాగిన చర్మం ముందుకు రాకుండా ఉంగరంలా బిగుసుకుపోతే దాన్ని 'పారాఫైమోసిస్‌' అంటారు. కొస వాచిపోతుంది, రంగు మారుతుంది, విపరీతమైన నొప్పి. రక్తం ఆడక కొస దెబ్బతినే ప్రమాదం ఉంది. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, వాచిన భాగాన్ని అరచేత్తో కొన్ని నిమిషాలు మెల్లగా అదిమి, చర్మాన్ని ముందుకు తెచ్చే ప్రయత్నం చేయొచ్చు. రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లల విషయంలో ఇంటి ప్రయత్నాలతో పొద్దుపుచ్చకుండా నేరుగా తీసుకెళ్లడమే మంచిది.

ఇది పిల్లలకే కాదు, మంచాన పడ్డ తాతయ్యలకూ వస్తుంది. మూత్రం గొట్టం వేసినప్పుడో, ఒళ్లు తుడిచినప్పుడో చర్మాన్ని వెనక్కి జరిపి అలాగే వదిలేస్తే సాయంత్రానికి వాపు వచ్చేస్తుంది. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి నొప్పని చెప్పలేడు కదా! అందుకే గొట్టం మార్చిన ప్రతిసారీ, ఒళ్లు తుడిచిన ప్రతిసారీ చర్మం తిరిగి ముందుకు వచ్చిందో లేదో ఇంట్లో చూసుకునేవారే గమనించాలి.

గుర్తుంచుకోవాల్సినవి

* పసిపిల్లలకు పైనుంచి కడిగితే చాలు. చర్మాన్ని వెనక్కి లాగొద్దు. నీళ్లు పోసే పెద్దవారికీ ఈ మాట మెల్లగా చెప్పండి.

* బుడగలా ఉబ్బడం, తెల్లటి గింజలు ఒక్కటే ఉంటే భయం లేదు. సన్నటి ధార, జ్వరం, తెల్లటి గట్టి అంచు ఉంటే చూపించండి.

* వెనక్కి తీసిన ప్రతిసారీ ముందుకు తేవాలి.

* వైద్యుడి చీటీ లేకుండా ట్యూబులు రాయొద్దు.

* పెద్దయ్యాక కొత్తగా బిగుతు వస్తే షుగర్‌ పరీక్ష చేయించుకోండి.

పంటి నొప్పికి వెళ్లినంత మామూలుగా దీనికీ వైద్యుడి దగ్గరకు వెళ్లొచ్చు. గది తలుపు వేశాక "చర్మం వెనక్కి రావట్లేదండీ" అన్న ఒక్క మాట చాలు. మిగతాది వైద్యుడు చూసుకుంటాడు.